దోమ కడుపులో పెళ్ళి

చీరాలలో మగ్గం నేసుకునే నాకు సంబంధాలు కుదిర్చే దురద కూడా ఉండేది. వాటిలో సగం పీటల దాకా రాలేదు. అయినా పంతొమ్మిది వందల అరవై రెండులో, తండ్రి లేక మా ఇంట్లోనే పెరిగిన మేనకోడలు రాజ్యానికి మంగళగిరి నేతగాడు పానకాలు సంబంధం తెచ్చేసరికి నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

అంతకుముందే నాకు చలిజ్వరం వచ్చి, మాత్రలతో తగ్గింది. నా రక్తం చుక్క తీసుకెళ్ళిన మలేరియా ఆఫీసు హయాత్ మరో విడత మాత్రలతో వచ్చాడు.

"తగ్గిందిగా, మళ్ళీ ఎందుకయ్యా?"

"జ్వరం తెచ్చే పురుగులు చచ్చాయండీ. ఆడవీ మగవీ మిగిలాయి. అవి మీ నెత్తుట్లో జతకట్టవు, మిమ్మల్ని కుట్టిన దోమ కడుపులో కడతాయి. కొన్నాళ్ళకి ఆ దోమ ఎవర్ని కుడితే వాళ్ళకి జ్వరం."

"పోనీలే, అక్కడన్నా ఒక పెళ్ళి కానీ" అని నవ్వి, మాత్రల పొట్లం చూరులో దోపాను. అంతటి తెలివి నాది. డి.డి.టి. కొట్టడానికి వచ్చినవాళ్ళకీ, మగ్గానికెక్కిన పడుగు నూలు మీద మరకలు పడతాయని, మగ్గం గది గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను. కాళ్ళు దించుకుని నేసే గుంటలో దోమలు హాయిగా ఉండిపోయాయి.

పెళ్ళికొడుకు చేత మా మగ్గం మీద నేయించి చూడటం మా ఇంటి పద్ధతి. మూడు వారాల తర్వాత పానకాలు వచ్చి దీపాలు పెట్టేదాకా నేశాడు. మధ్యమధ్య పిక్కలు గోక్కుంటుంటే సిగ్గనుకుని మురిసిపోయాను.

నెల తిరక్కుండా అతని తల్లి పేరమ్మగారు దిగింది.

"మీ ఇంటికొచ్చి వెళ్ళాక మావాడు మంచం పట్టాడు. డాక్టరు మలేరియా అన్నాడు. ఏదైనా, పిల్ల పాదం మంచిది కాదు. మాకొద్దు."

రాజ్యం ముఖం పాలిపోయింది. నా నాలుక మాత్రం పెద్దరికం వెలగబెట్టింది.

"అంతా గ్రహచారం వదినగారూ..."

"గ్రహచారం కాదండీ" అంటూ రాజ్యం చూరులోంచి పొట్లం తీసి ఆవిడ ముందు పెట్టింది. "మా మామయ్య మింగని మందు ఇది. మీ అబ్బాయి కూర్చున్నది ఈయన గుంటలో." ఆ రోజు తలుపు చాటున విన్న హయాత్ మాటలన్నీ పొల్లుపోకుండా చెప్పింది.

పేరమ్మగారు పొట్లం విప్పి మాత్రలు లెక్కపెట్టి నావైపు తిరిగింది.

"ముందు గుంటలో మందు కొట్టించు. ఈ మాత్రలన్నీ అయిందాకా నేనిక్కడే ఉంటా. ముహూర్తం సంగతి ఆ తర్వాత."

రాజ్యం నీళ్ళందించింది. సిగ్గుతో చచ్చి మొదటి మాత్ర మింగాను. ఆవిడ నోరు తెరిచి చూపించమంది. తెరిచాను. ఇన్నేళ్ళలో నా నోరు ఒక ఆడపిల్ల పెళ్ళికి నిజంగా పనికొచ్చింది అప్పుడే.