కంచె పక్కన ఆడే పిల్ల

మార్నీ రోజూ తెల్లారకముందే లేచి, అమ్మమ్మ లూసిల్‌తో కలిసి దూడలకు సీసాలతో పాలు పట్టి, చేతులకు ఆ వాసన పోకముందే గోల్ఫ్ మైదానానికి వచ్చేది. మాది చిన్న మైదానం. మూడు వైపులా మొక్కజొన్న, నాలుగో వైపు రైలు పట్టాలు. తాళం తీయడం, గడ్డి కోయడం, కాఫీ కాయడం అన్నీ డ్వెయినే చూసుకునేవాడు.

మా నెబ్రాస్కాలో కాలేజీ జట్టు మీద కన్నేసిన పిల్లలు పాలపళ్ళు ఊడకముందే ఆట మొదలుపెడతారు. మార్నీ పదహారో ఏట మొదలుపెట్టింది, అదీ అనుకోకుండా. తప్పించుకున్న దూడ కోసం మైదానంలోకి వస్తే, డ్వెయిన్ సరదాకి చేతికో గోల్ఫ్ కర్ర ఇచ్చాడు. బంతి మొక్కజొన్న దాటి పట్టాల మీద పడింది. అంతే, ఆ పిల్లకు పిచ్చి పట్టుకుంది. కాలేజీ జట్టులో చోటు తప్ప ఇంకేమీ వద్దంది. తను బంతిని పట్టాల దాకా కొట్టే వీడియో ఫోన్‌లో తీసి, ఈమధ్యే మొదలెట్టానని రాసి, దొరికిన కోచ్‌కల్లా పంపింది. ఇన్‌గ్రిడ్ అనే ఆవిడ ఒక్కతే, కోతల రోజుల్లో వచ్చి చూస్తానని జవాబిచ్చింది.

ఆ వేసవిలోనే, సాధన చేసే చోట కంచె పక్కన ఓ ఐదేళ్ళ పిల్ల కనిపించసాగింది. అచ్చం మార్నీ ముఖమే. పొద్దు వాలేదాకా వంచిన తల ఎత్తకుండా బంతులు కొట్టేది. ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు. చర్చి ఆడవాళ్ళు నిమ్మరసం తెచ్చి పెట్టేవాళ్ళు. డ్వెయిన్ పాత కర్రొకటి దాని ఎత్తుకి కోసిచ్చాడు.

"లేటుగా మొదలెట్టినోళ్ళకి అలా ఒకళ్ళొస్తారు," అన్నాడు మార్నీతో. "నువ్వు ఆడని ఏళ్ళు అది ఆడిపెడుతుంది. ఊరికే మాత్రం కాదు. ఆ ఏళ్ళల్లో నువ్వేం చేశావో, అది పట్టుకుపోతుంది."

"మీకూ వచ్చారా?"

"వచ్చాడు. మా నాన్నతో చేపలు పట్టిన రోజులు ఇవ్వబుద్ధి కాలేదు. పొమ్మన్నా. ఇదిగో, గడ్డి కోసుకుంటున్నా."

పోయేవి పేడ ఎత్తిన రోజులేగా, పోతే పోనీ అనుకుంది మార్నీ. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు.

కంచె పక్క పిల్ల వారం వారం ఎదిగింది. అది సాయంత్రం నేర్చుకున్నది మర్నాటికల్లా మార్నీ మణికట్టుకు తెలిసిపోయేది. ఎటు పోతుందో తెలియని బంతి, ఇప్పుడు పెట్టమన్న చోట పెట్టినట్టు పడుతోంది.

ఒక పొద్దున బూట్లు వేసుకుంటూ చూస్తే, మోకాలి కింద దూడ తన్నిన మచ్చ లేదు. ఆ దూడ పేరేమిటో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. అమ్మమ్మను అడిగింది.

లూసిల్ పెనం మీది అట్టు తిరగేస్తూ, "నిన్ను దూడెప్పుడు తన్నిందే? నువ్వసలు కొట్టంలో అడుగుపెడితే కదా," అంది.

ఆ సాయంత్రం మార్నీ కంచె దగ్గరికి వెళ్ళింది. పదేళ్ళది అయిపోయిన పిల్ల తలెత్తకుండానే, "ఆపమంటావా?" అని అడిగింది. మార్నీ తను కొట్టిన బంతి పడిన చోటు వైపు చూసింది.

"కోచ్ వచ్చేదాకా ఆడు," అంది.

మొక్కజొన్న ఎండి గలగలమనే రోజుల్లో ఇన్‌గ్రిడ్ వచ్చింది. మార్నీ కొట్టిన బంతుల్లో ఒక్కటీ దారి తప్పలేదు. కోచ్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎన్నో ఏట మొదలెట్టావు?"

"ఐదో ఏట." మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. అది అబద్ధమూ కాదు.

"బాగా ఆడుతున్నావమ్మా, వంక పెట్టడానికి లేదు. కానీ చిన్నప్పుడే మొదలెట్టి, నేర్చుకోవాల్సిందంతా అయిపోయినవాళ్ళు నా దగ్గర చాలామందే ఉన్నారు. ఆ వీడియోలో అమ్మాయి వేరు. నిన్నగాక మొన్న కర్ర పట్టి, బంతిని పట్టాల దాకా తోలింది. ఆ అమ్మాయి ఇంకా ఎంత ఎదుగుతుందో అని ఇంత దూరం వచ్చాను."

అప్పుడే కంచె వైపు నుంచి ఫెళ్ళున చప్పుడు. వంకరగా లేచిన బంతి మొక్కజొన్న దాటి పట్టాల మీద పడింది. కొట్టిన పిల్ల మార్నీ అంత ఉంది. రబ్బరు బూట్లకు పేడ, మోకాలి కింద మచ్చ, మణికట్టు మీద ఎండిన పాలు. కోచ్ ముఖం వెలిగిపోయింది. గబగబా అటు నడిచి పేరడిగింది.

"మార్నీ," అంది ఆ పిల్ల.

జట్టులో చోటు, చదువుకి స్కాలర్‌షిప్, అన్నీ అక్కడే నిలబడి మాట్లాడేసుకున్నారు. లూసిల్ ట్రక్కు దిగి వచ్చి ఆ పిల్లను కావలించుకుని ఏడ్చింది. డ్వెయిన్ టోపీ తీసి లూసిల్‌నీ ఆ పిల్లనీ అభినందించాడు. మార్నీ వైపు చూడలేక చూపు తిప్పుకున్నాడు.

మార్నీ అమ్మమ్మా అని పిలవబోయింది. ఆవిడను అలా పిలిచిన రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని వెతుక్కుంది. ఎటు చూసినా బంతులే, గడ్డే.

ట్రక్కు కంచె వెంట వస్తూ ఆమె దగ్గర ఆగింది. లోపలున్న పిల్ల తల తిప్పలేదు. లూసిల్ అద్దం దించి, పరాయి పిల్లలతో మాట్లాడేటప్పటి మెత్తని గొంతుతో అడిగింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేం తల్లీ? చీకటి పడుతోంది. నీకోసం మీవాళ్ళు ఎవరైనా వస్తారా?"

"వస్తారండీ," అంది మార్నీ.