సన్యాసమ్మ ఇంటి తాళంకప్ప

నేను ఒక తాళంకప్పను. ఇత్తడి ఒళ్ళు, ఇనప మెడ. ఎక్కడో ఉత్తరాదిన ఓ ముసలి పనివాడు నన్ను ఆకురాయితో నునుపు చేసి, తాళంచెవి తిప్పి చూసుకుని గోనెలో పడేశాడు. దొంగల మాట దేవుడెరుగు, నేను బయట నిలబెట్టింది మాత్రం ఇల్లు గలామెనే. అనకాపల్లిలో ఇనప సామాన్ల కొట్టుకి ఓ రోజు కర్రి సన్యాసమ్మ వచ్చి నన్ను చేత్తో బరువు చూసింది. "ఇదే ఇయ్యి బాబూ. సూస్తేనే గుండెలదరాల" అంది.

ఏళ్ళ తరబడి బెల్లం పెనాల దగ్గర చెమటోడ్చి, అద్దె కొంపల్లో మాటలు పడి, కడకు ఓ పెంకుటిల్లు కొనుక్కుంది సన్యాసమ్మ. వీధి గుమ్మం ఒక్కటే. ఓ పక్క గది ఆమెది, రెండో పక్క దర్జీ సింహాద్రిది. దూలంతో పాటు చెదలొచ్చినట్టు ఇంటితో పాటే వచ్చాడని తిట్టుకునేది. ఆ అద్దె మీదే ఆమె బతకాలి. వాడు చూస్తే మంగళవారం డబ్బు ఇవ్వకూడదంటాడు, శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదంటాడు, తక్కిన రోజుల్లో కంటికే కనపడడు.

నన్ను తెచ్చి, ఖాళీ చెయ్యకపోతే వేసేది ఇదేనని వాళ్ళ గది గుమ్మానికి ఎదురుగా మేకుకి తగిలించింది. లోపల సింహాద్రి తల్లి మంచాన పడి ఉంది. వాడి పెళ్ళాం గౌరి నన్ను చూసి, "ముసలామెనేసుకుని ఎల్లమంతే ఎక్కడికెల్తాం పిన్నీ?" అంది.

"అదేటో నన్నడుగుతావేటి? నాదేటి సత్రవా?" అంది సన్యాసమ్మ.

ఆ ముసలామె నిద్రలోనే పోయింది. తెల్లారి లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది. ధనిష్ఠ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలని ఈ పక్క పట్టింపు. పంతులుగారు పంచాంగం తిప్పి, అర్ధరాత్రికి ముందైతే శ్రవణం, దాటితే ధనిష్ఠ, ఎవరైనా చూశారా అని అడిగారు. సన్యాసమ్మ కళ్ళు మెరిశాయి. కోడి కూసే వేళ ముసలామె దగ్గు తన చెవులారా విన్నానని వీధంతా వినేటట్టు చెప్పింది. ఆ దగ్గు తొలిజామునే ఆగిపోయిందని ఆమెకీ తెలుసు, ఎదురుగా వేలాడుతున్న నాకూ తెలుసు.

కర్మలు కాగానే సింహాద్రి మారుమాట లేకుండా కుట్టుమిషను రిక్షాకెక్కించాడు. సన్యాసమ్మ కొంగు బిగించి నన్ను మేకు మీంచి తీసింది. అప్పుడు పంతులుగారు మెల్లగా అడిగారు: "మరి మీరెప్పుడమ్మా బయల్దేరడం? గుమ్మం ఒకటే, పైకప్పూ ఒకటే."

వీధంతా ఆమె మొహం చూసింది. కాదంటే దగ్గు అబద్ధమని ఒప్పుకోవాలి. నన్ను వీధి గుమ్మానికే వేసి, ఎదురింటి రామునాయుడి అరుగు గదిలో అద్దెకి దిగింది.

అద్దె రాని మనిషి అద్దెలా కడుతుంది చెప్పండి? వానలు మొదలయ్యేసరికి రామునాయుడు అరుగు మీద నిలబడి కేకలు మొదలెట్టాడు. నాకు ఎదురుగానే.

"ఎల్లమంతే ఎక్కడికెల్తాను నాయుడూ?" అంది సన్యాసమ్మ. గౌరి మాట తన నోట వచ్చిందని ఆమెకీ తెలిసింది.

"సొంతిల్లు ఎదురుగా ఎట్టుకుని అదేం మాటమ్మా? ఆ కప్ప తియ్యి, ఎల్లు" అన్నాడు వాడు.

ఆమె వానలో దాటి వచ్చి, బొడ్డులోంచి చెవి తీసి నాలో పెట్టింది. గుమ్మాల్లో ఆడాళ్ళు చూస్తున్నారు. ఒక్క తిప్పు తిప్పితే నేను తెరుచుకుందును. ఆ చెయ్యి తిరగలేదు. చెవి లాక్కుని వెనక్కి పోయింది. మెళ్ళో గొలుసు కుదువపెట్టి రామునాయుడి నోరు మూయించింది.

ఆరు నెలలు నిండేసరికి నేను తుప్పుతో బిగుసుకుపోయాను. రాయి పెట్టి కొట్టించి నన్ను పెరట్లో తుక్కు బుట్టలో పడేసింది. అక్కణ్ణించే అంతా వింటున్నాను. మొన్న అద్దెకని ఓ కొత్త జంట వచ్చింది. బేరం కన్నా ముందే సన్యాసమ్మ అడిగింది, "మీ ఇంట్లో ముసిలోళ్ళున్నారా?"

ఆ పిల్ల ఆమెని ఎగాదిగా చూసి, "మాలో ఎవరూ లేరు. ఈ ఇంట్లో నువ్వున్నావు గదా మామ్మా, మరి మా సంగతేటి?" అంది.