మూత తీస్తే చాలు

వాయువుల పాఠం మొదలుపెట్టే రోజు నేను ఏటా క్లాసులో అగరుబత్తి వెలిగిస్తాను. సిరిసిల్లలో ఇంటర్ పిల్లలకు పన్నెండేళ్లుగా ఇదే తంతు. వాసన అందినవాళ్లు చెయ్యెత్తాలి. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒక్కొక్క చెయ్యీ లేస్తుంటే నాకు మహా గర్వం. వాయువు ఒకచోట నిలవదు, దొరికిన చోటంతా పరుచుకుంటుంది అని బోర్డు మీద రాసి, డౌట్లుంటే అడగమన్నాను.

మూడో బెంచీలోంచి కృపారాణి లేచింది. వాళ్ల నాన్న ఏసయ్య అద్దకం యూనిట్లలో రంగునీళ్ల సంపులు కడుగుతాడు. మూత తీశాక తాడుకు వేపమండ కట్టి, అరగంట సేపు సంపులోకి దించుతూ లేపుతూ ఉంటాడట. ఆ తర్వాతే దిగుతాడట. భుజం పీకుతున్నా మానడట. అదెందుకు సార్ అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. మీ నాన్న సంపులో దయ్యాన్ని తోలుతున్నాడేమో అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

"మూత తీస్తే చాలమ్మా. గ్యాసు దానంతటదే పోతుంది" అన్నాను.

ఆ పిల్ల నోట్సులో రాసుకుంది. నా నోరు పడిపోయినా బాగుండేది.

బరువైన వాయువులు అడుగునే పేరుకుంటాయనీ, కదిపి బయటి గాలి కలపకపోతే గంటల తరబడి కదలవనీ తర్వాతి వారం చెబుదామనుకున్నాను. ఏసయ్య మండతో చేస్తున్నది సరిగ్గా ఆ కదపడమే. చదువుకున్న వెధవని, నాకు తట్టలేదు.

ఆ శనివారం ఏసయ్య మూత తీసి, చాయ తాగి, సంపులోకి దిగాడు. మండ కట్టలేదు. కాసేపటికి శవాన్ని తాళ్లు వేసి పైకి లాగారు. ఆ కబురు వినగానే, మండ ఎందుకు కట్టలేదో నాకు అర్థమైంది.

సమాధి చేసిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఏసయ్య భార్య బాలవ్వ లోపల చాప మీద అటు తిరిగి పడుకుని ఉంది. కృపారాణి నాకు కుర్చీ వేసి గడప దగ్గర నిలబడింది. ప్రమాదమమ్మా, మన చేతిలో ఏముంది అంటూ దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. ఆ పిల్ల వాటిని పట్టించుకోలేదు. మెల్లగా అడిగింది.

"మండ కట్టి ఊపితే మా బాపు బతుకుతుండెనా సార్?"

లేదు అనేస్తే ఇద్దరం బయటపడేవాళ్లం. కానీ ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. ఇంకో తప్పు మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"బతికేటోడు బిడ్డా. నువ్వు బాపుకు చెప్పింది నేను చెప్పిన మాటనే. తప్పు నాది."

కృపారాణి చటుక్కున లోపల అమ్మ వైపు తిరిగి చూసింది. చాలు సార్ అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నాన్నకు తాను చెప్పిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని నాకు అప్పుడు తెలిసింది.

బాలవ్వ గోడ పట్టుకుని లేచి వచ్చింది. నా వైపు చూడనైనా చూడలేదు.

"బాపుకు ఏం చెప్పినవే?" అని బిడ్డను అడిగింది.