అద్దాల బీరువాలో మందు

చేతి తొడుగుకి సూదిమొనంత చిల్లు. ఆమ్లం అందులోంచే దిగింది.

దెషున్ చెయ్యి కడుక్కుని నవ్వాడు. "మంటే లేదన్నా, ఉత్త నీళ్లలాగుంది!" అంటూ మళ్లీ గొట్టం బిగించడానికి పోయాడు. ఇటుకబట్టీ నుంచి మా ఫ్యాక్టరీకి వచ్చి రెండు వారాలైన మనిషి, అతనికేం తెలుసు? ఆ మంట ఆలస్యంగా లేస్తుందని మాకు తెలుసు. తెలిసీ మేనేజర్ తిట్లకు భయపడి ఊరుకున్నాం. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

ఫ్లోర్‌స్పార్ రాతిపొడిని గంధకామ్లంతో వేడిచేసి గ్యాసు తీస్తాం. కొలిమిలో ఆ గ్యాసు తగిలి అల్యూమినియం హైడ్రాక్సైడ్ పొడి తెల్లటి ఫ్లోరైడ్‌గా మారుతుంది. చూస్తే పిండిలా ఉంటుంది, నీళ్లలో సరిగా కరగదు. సరుకు సాధువే, దాన్ని పుట్టించే గ్యాసే రాక్షసి. చెమ్మ తగిలితే ఆమ్లమై, చర్మం దాటి ఎముకలో సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పట్టుకుంటుంది.

మధ్యాహ్నం దెషున్ చేతిలోంచి గంజిగిన్నె జారింది. "అన్నా, ఎముకలో మేకు దిగ్గొడుతున్నట్టుంది!" అని అరిచాడు.

విరుగుడు కాల్షియం లేపనం ఉంది. ఎక్కడ? ఆఫీసులో, తనిఖీవాళ్లకు చూపించే అద్దాల బీరువాలో. తాళంచెవి మేనేజర్ హు జేబులో, హు పట్నంలో విందులో.

"అద్దం పగలగొట్టండ్రా!" అంది గ్విఫాంగ్. కొలిమి దగ్గర పదకొండేళ్లు గడిపిన మనిషి.

"ఉద్యోగాలు పోతాయక్కా, తాళం రానీ" అన్నాం. మూడు గంటలు ఆగాం. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు వచ్చింది తాళంచెవి. ఆసుపత్రిలో దెషున్ కుడి బొటనవేలు తీసేశారు.

మర్నాడు హు కాగితం తెచ్చాడు. దెషున్ తొడుగు వేసుకోలేదట. పక్కన ఎర్రసిరా డబ్బా.

"వేలిముద్రలేసి పనిలోకి పోండి."

గ్విఫాంగ్ తన తొడుగులో ఫ్లాస్కు నీళ్లు పోసి కాగితంపైన పట్టుకుంది. బొట్లు బొట్లుగా కారాయి. "వేసుకునే ఉన్నాడు సారూ! అతనికి నువ్విచ్చిన తొడుగూ ఇలాంటిదే, చూసుకో!"

తర్వాత నా తొడుగు. అదీ కారింది. తర్వాత అందరివీ. ఈలోగా గ్విఫాంగ్ పానా తీసుకుని ఆఫీసులోకి పోయి, బీరువా అద్దం బద్దలుకొట్టి మందు బయటికి తీసింది.

దొంగతనం కేసు పెట్టి పోలీసులు ఆమెను తీసుకెళ్లారు. వ్యానులోంచే అరిచింది: "మందు కొలిమి పక్కన పెట్టండ్రా!"

"గ్యాసు వదలవోయ్!" అన్నాడు హు. వాల్వు తిప్పే పని నాది. తెరవలేదు, ఇంకా బిగించాను.

"మందు కొలిమి దగ్గరుండాలి, అక్క బయటికి రావాలి. అప్పుడే గ్యాసు."

ఇన్నేళ్లలో నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. వెనక నలభైమంది అదే మాట అన్నారు. ఆ మాటే వేరే కాగితంమీద రాసి, హు తెచ్చిన సిరాతోనే బొటనవేళ్లు అద్దాం.

సాయంత్రం ఆ కాగితం, సిరా డబ్బా ఆసుపత్రికి పట్టుకెళ్లాను. దెషున్ చదవమన్నాడు, విన్నాడు. తర్వాత ఎడమ బొటనవేలు చాచాడు.