మూడు ఖాళీ బైట్లు

జబ్బు గుండెతో ఉన్న నాన్నకు కాపలాగా అక్క ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు తయారుచేసింది. నాడి హద్దు దాటి పడిపోతే అది అలారం మోగించాలి. ఆ మధ్యాహ్నం పక్కన ఉన్నది తమ్ముడొక్కడే. నాన్న కుర్చీలోనే పోయాడు.

"మోగలేదక్కా, ఒట్టు! మెలకువగానే ఉన్నా. నాన్న కునుకు తీస్తున్నాడనుకున్నా."

అక్క బోర్డు రికార్డును తన కంప్యూటర్లో తెరిచింది. అలారం గడిలో పదే పదే 'మోగింది' అని ఉంది. టైము గడిలో మాత్రం పిచ్చి అంకెలు. గడియారం చెడిందిలే అనుకుంది మహాతల్లి. కోపం తలకెక్కాక ఇంకేం చూస్తుంది! "నిద్రపోయి నాన్నని చంపేశావు," అనేసింది. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగు నెలల తర్వాత ఆఫీసులో మరో పరికరం రికార్డు తెరిస్తే అలాంటి పిచ్చి అంకెలే వచ్చాయి. అక్కకు అప్పుడు తట్టింది. ఆమె కంప్యూటర్లో ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే కంపైలరు పెద్ద సంఖ్యలను నాలుగేసి బైట్ల లెక్కన సర్దుతుంది. అందుకని ఒక్క బైటు అలారం తర్వాత మూడు బైట్లు ఖాళీగా వదిలేస్తుంది. బోర్డులోని చిన్న ప్రాసెసరుకు ఆ పట్టింపు లేదు, అన్నీ ఇరికించేస్తుంది. అది రాసింది ఇది చదివితే అంతా పక్కకు జరిగిపోతుంది. అక్క 'మోగింది' అని చదివినవన్నీ నాడి ముక్కలు, టైము ముక్కలు.

ఇంటికి పరుగెత్తి రికార్డును బైటు బైటుగా విప్పింది. అలారం ఒక్కసారి కూడా మోగలేదు. ఎందుకు మోగలేదో కూడా తెలిసింది. బల్ల మీద పరీక్షించినప్పుడు హద్దు బోర్డులోనే రాసి ఉండేది. నాన్నకు పెట్టాక దాన్ని ఈ కంప్యూటరు నుంచి, ఇవే ఖాళీలతో పంపింది. హద్దు ఉండాల్సిన చోట బోర్డు సున్నా చదువుకుంది. సున్నా కంటే కిందికి ఎవరి నాడీ పడదు.

తమ్ముడు పనిచేసే సైకిళ్ళ షాపుకు వెళ్ళి అక్క భోరున ఏడ్చింది. "అది మోగలేదురా. తప్పు నాదిరా. నన్ను తిట్టరా."

వాడు తల అడ్డంగా ఊపాడు. "మోగిందక్కా. మొదట్లో గుర్తు రాలేదు గానీ, ఇప్పుడు రోజూ వినిపిస్తోంది. నేనే లేవలేదు."

అక్క కాగితం మీద గళ్ళు గీసి, ఖాళీలు ఎక్కడొచ్చాయో వేలు పెట్టి చూపించింది. వాడు చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"నన్ను ఊరడించడానికి ఎంత కష్టపడి అల్లుకొచ్చావక్కా," అని ఆమె కళ్ళు తుడవబోయి, చేతికి గ్రీజు ఉందని ఆగిపోయాడు.