చావడి నడుమ తడిక

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. డెబ్బై ఏడు నాటి గాలివాన వచ్చి ఏడాదన్నా తిరగలేదు, తనకేమీ తెలియనట్టు తేటగా ఉంది. పామర్రు దగ్గర ఆ ఊళ్ళో కొత్త వెదురు చావడి కింద పెద్దలు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎక్కడ కూర్చోవాలో వాళ్ళకు తోచలేదు.

కట్టినవాడు క్రైస్తవుల పేటలోని ఆమోసు. గాలివానలో ఊరూ పేటా ఒక్క బడిలోనే తలదాచుకున్నాయి, ఒక్క గుండిగలో గంజి తాగాయి. "అందరికీ కలిపి ఒక చావడి కట్టరా" అని అప్పుడు అన్నది ఊరిపెద్ద బసవపున్నయ్యగారే. కాలవగట్టున తాడిచెట్లు విరిగిపడినా, ఈతమట్టకు గిజిగాడి గూడు ఊగుతూ నిలవడం ఆమోసు చూశాడు. అందుకే నడుమ కప్పు మోసే నిట్రాట పెట్టలేదు. మైలవరం వెదుళ్ళు గుండ్రంగా పాతి, వంచి, పైన ఒకదానిలోకి ఒకటి అల్లి, తాటాకు కప్పాడు. ఎటునుంచి చూసినా ఒకటే.

"బాగుందిరా. పెద్దలు కూర్చునే అరుగేదీ?" అన్నారు బసవపున్నయ్యగారు.

"గూటికి అరుగేందండి బాబుగారూ? వచ్చినోళ్ళు వచ్చినట్టు కూకోటమే."

"పిట్టలు కూచుంటాయిరా అట్టా!" అన్నాడు వెనకనుంచి ఊరి పెద్దల్లో ఒకడైన హనుమయ్య. నలుగురూ నవ్వారు. ఆమోసూ నవ్వాడు.

బసవపున్నయ్యగారు నవ్వలేదు. ఆమోసును పక్కకు పిలిచి గొంతు తగ్గించారు. "నడిమికి ఒక తడిక అల్లెయ్యి. లేకపోతే పేటవాళ్ళని అసలు రానివ్వం అంటున్నారు మిగతా పెద్దలు. నా ఒక్కడి మాట సాగట్లేదురా."

"గాలికి అడ్డమండీ."

"తెలుసురా" అన్నారాయన, నేల చూస్తూ.

ఆమోసు కత్తి కోసం ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాడు. "చేతులెట్టా వస్తయ్యయ్యా నీకు?" అంది భార్య సంపూర్ణమ్మ.

"నేను అల్లకపోతే ఇంకోడు అల్లుతాడే. అప్పుడు మనకి ఆ సగం గూడా ఉండదు."

ఆమె కూడా వెంట వచ్చి, చీల్చిన వెదురు దబ్బలు ఒక్కొక్కటే అందించింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, వద్దనుకున్న నిట్రాట నడుమ లేచింది. దానికి ఆనుకుని తడిక నిలబడింది. లోపల గాలి ఆగిపోయింది.

చదివేవారు ఒక్క సంగతి తలచుకోవాలి. గాలివాన మన మధ్య అడ్డాలన్నీ కూల్చింది. మళ్ళీ లేపింది మనమే. అల్లమన్నది దుర్మార్గుడు కాదు, మంచివాడే. మంచివాడు నలుగురిలో నోరు మెదపనంత కాలం, ఆమోసులే తమకు అడ్డుగా తడికలు అల్లుకోవలసి వస్తుంది.

ఆ మధ్యాహ్నమే చావడిలో తొలి భోజనాలు. గుండిగ ఒకటే. విస్తళ్ళు తడికకు అటొక వరుస, ఇటొక వరుస. బసవపున్నయ్యగారు వచ్చి తడిక పక్కనే కూర్చున్నారు. అవతల ఆమోసు. దబ్బల సందుల్లోంచి ఒకరి చెయ్యి ఒకరికి కనబడుతూనే ఉంది. తలలు వంచుకుని పప్పన్నం కలుపుకున్నారు, తిన్నారు.