సోమవారం గడి

“ఇయాల నీకు పరుగు లేదు కదేటి, ఆ రెండు బస్తాలూ నువ్వే తిప్పీయ్,” అన్నాడు నా మొగుడు రవిబాబు, జీపు అద్దం తుడుచుకుంటూ.

పర్యాటకుల్ని గుహలకీ కాఫీ తోటలకీ జీపులో తిప్పుతాడు. ఆ అద్దం మీద నా ఫొటో ఉంటుంది. నిరుడు లోయలో పెట్టిన పది కిలోమీటర్ల పరుగులో నేను మూడోదాన్నిగా వచ్చినప్పుడు, మెడలో పతకంతో తీసింది. జీపెక్కిన ప్రతివాళ్ళకీ చూపిస్తాడు. “మా ఇంట్లో ఆడమనిషికి అడ్డు లేదు సార్,” అంటాడు. ఆ మాట నాకు వినపడే సమయానికి నేను సాధారణంగా వెనకసీటు కింద, ఘాట్ రోడ్డు పడని ఎవరో కక్కిన వాంతి కడుగుతూ ఉంటాను.

బస్తాల్లో ఉన్నవి కాఫీ పళ్ళు. కోసిన రోజే మిషన్లో వేసి తోలు తీయాలి, లేకపోతే పులిసిపోతాయి. మాది చేత్తో తిప్పే మిషన్. దాని గురించి కూడా పర్యాటకులకి బాగా చెబుతాడు. “మేం ఏ రోజు పళ్ళు ఆ రోజే తిప్పుతాం సార్,” అని. మేం అంటే ఎవరో వాళ్ళు అడగరు, ఈయన చెప్పడు.

ఈసారి నేను ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలనుకున్నాను. ఆ ఆశ పుట్టించింది అనురాధ మేడమ్. విశాఖలో బ్యాంకులో పని చేస్తారు, నిరుడు నా పక్కనే పరుగెత్తారు. “పది నీకు చిన్నది గంగా. ఫిబ్రవరిలో ఇరవై ఒకటికి దిగు,” అని, ఏ రోజు ఎంత పరుగెత్తాలో గడులు గీసిన చార్టు ఫోన్లో పంపారు. క్యాలెండర్ వెనక రాసుకుని వంటింటి గోడకి అంటించాను. మంగళవారం నెమ్మదిగా అయిదు, గురువారం ఎత్తు ఎక్కడం, ఆదివారం దూరం. సోమవారం గడిలో ఒక్కటే మాట: విశ్రాంతి.

పరుగుకి నిజంగానే ఎవరూ అడ్డు చెప్పలేదు. నాలుగింటికి లేచి, ఊట నీళ్ళు తెచ్చి, అంబలి కాచి, ఆ తర్వాత మంచులో ఎంత దూరం పోతే ఎవరికేం? “బేగి పరిగెట్టి బేగి రా,” అనేవాడు రవిబాబు. మా అత్త సోములమ్మ లెక్క ఇంకోటి. “పరిగెట్టొచ్చి కూడా నిలబడగలుగుతున్నావంటే, ఒంట్లో ఇంకా పని ఉందన్నమాటే.”

ఆదివారం దూరం పద్నాలుగు కిలోమీటర్లకి చేరేసరికి మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి మొదలైంది. పదహారుకి కాలు నేల మీద ఆనించలేకపోయాను. మేడమ్‌కి ఫోన్ చేశాను.

“సోమవారాలు రెస్ట్ తీసుకుంటున్నావా?”

“తీసుకుంటున్నానండి. ఒక్క వారం కూడా తప్పలేదు.”

“పోయిన సోమవారం ఏం చేశావో చెప్పు.”

చెప్పాను. నీళ్ళు అయిదు బిందెలు. తోటలో కోత. కొండ మీంచి బస్తా దించడం. మిషన్ తిప్పడం, గింజలు కడగడం, టార్పాలిన్ మీద ఆరబోయడం. జీపు కడగడం. వంట రెండుసార్లు.

“గంగా, అది రెస్టా?”

“పరుగెత్తలేదు కదండీ.”

ఆవిడ నవ్వలేదు. “ఆ ఎముక చిట్లిందంటే ఫిబ్రవరి పోతుంది. అసలు పరుగే పోవచ్చు. సోమవారం కూర్చో. కాళ్ళు చాపుకుని, ఊరికే.”

ఊరికే. ఆ మాట వారం రోజులు నాతోనే తిరిగింది. నేను మేడమ్‌తో అబద్ధమాడలేదు, నిజంగానే అదే విశ్రాంతి అనుకున్నాను. అందుకే నాకు అంత ఒళ్ళు మండింది. మా అమ్మ కూర్చోగా చూశాను, కానీ ఒళ్ళో తమ్ముడు పాలు తాగుతుంటే చేటలో సామలు ఏరుతూ. మా అత్త కూర్చుంటుంది, అడ్డాకులు విస్తర్లుగా కుట్టడానికి. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న మా పిల్లాణ్ణి కని పది రోజులు తిరక్కుండానే నేను కట్టెలకి పోయాను, అదేదో గొప్పలా అందరూ చెప్పుకున్నారు. రవిబాబు మాత్రం ట్రిప్పు లేని రోజు పొద్దున్నే జీలుగు చెట్టు కిందకి పోయి మధ్యాహ్నం దాకా కల్లు ముంత దగ్గర కూర్చుంటాడు. దాన్ని ఎవరూ పని మానడం అనరు, బడలిక తీర్చుకోవడం అంటారు. బడలిక కూడా మగాళ్ళకే పుడుతుంది కాబోలు.

అందుకని ఈ సోమవారం బస్తాల వైపు పోలేదు. పంచలో చాప పరిచి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

“ఏటి సేత్తన్నావు?” అన్నాడు.

“కూకున్నాను.”

“ఒంట్లో బాగోలేదా?”

“కాలు తప్ప అంతా బాగుంది.”

“బాగుంటే కూకోడమేటి?”

జ్వరమని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎవరినైనా పిలిచి ఆ పని చేయించేవాడు, ఆ దయ గురించి పదిమందికీ చెప్పుకునేవాడు. నోటిదాకా వచ్చిన జ్వరాన్ని మింగేశాను.

“పరిగెడతానంటే ఏనాడైనా కాదన్నానా? నీకింత స్వేచ్ఛ ఇత్తే, ఇదేటి కొత్తగా?”

“పరిగెత్తనిచ్చావు. కూకోనివ్వడం లేదు.”

“పళ్ళు పులిసిపోతాయే.”

“నువ్వు తిప్పు.”

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. సోములమ్మ ఒళ్ళోంచి అడ్డాకుల కట్ట దించి, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది, మిషన్ వైపు నడిచింది. అరవై దాటిన మనిషి. నేను కూర్చుంటే ఆవిడ లేవాలి, ఇదీ ఈ ఇంటి ఏర్పాటు. దాదాపు లేచాను కూడా. లేస్తే ఫిబ్రవరీ లేదు, ఏదీ లేదు.

“అత్తా, నువ్వూ కూకో,” అన్నాను.

“నాకేటీ నొప్పి లేదు గుంటా.”

“నొప్పి లేకపోయినా కూకో.”

ఆవిడ ఆగింది. వంటింటి గోడ మీది కాగితం వైపు చూసింది. చదువు రాదు. “అందులో నా పేరు కూడా రాసిందేటి, మీ మేడమ్మ?”

“రాసింది,” అన్నాను. అబద్ధమే. ఈ మొత్తంలో నేనాడినది అదొక్కటే.

వచ్చి నా పక్కన కూర్చుంది. అలవాటుగా ఆకుల కట్ట అందుకోబోతే దూరంగా జరిపేశాను. ఇక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో బోర్లించుకుంది. రవిబాబు చాలాసేపు మమ్మల్నిద్దర్నీ చూశాడు. ఫోన్ తీసి ట్రిప్పు వాళ్ళకి ఆలస్యమవుతుందని చెప్పాడు. బస్తా మూతి విప్పాడు. మిషన్ దగ్గర నిలబడి, పిడి పట్టుకుని, కాసేపు అటూ ఇటూ చూశాడు.

“గంగా, ఇది ఏ పక్కకి తిప్పాలే?”

ఆ మిషన్ పదకొండేళ్ళుగా మా పెరట్లోనే ఉంది.